ఒక్క నా స్లైడే ఎందుకు ఎండింది?

కొత్తగా బడిలో చేరిన జీవశాస్త్రం టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరై కరీంనగర్‌లో స్థిరపడ్డాక నాకు ఇదొక మంచి కాలక్షేపం. టీ తాగుతూ అందరూ దాదాపు ఒకే మాట అంటారు. "మేడం, మా పిల్లలు ఏం అడగరు. చెప్పింది రాసుకుంటరు, అంతే." నేను వాళ్లకు బోధనా పద్ధతులు చెప్పబోను. వాటి మీద శిక్షణలు వాళ్లు నాకంటే ఎక్కువే తీసుకుని ఉంటారు. ఒక పిల్ల నన్ను అడిగిన ప్రశ్న ఒకటుంది, దాని సంగతి చెబుతాను. ఉద్యోగం మొత్తం మీద అంత మంచి ప్రశ్న నేను మళ్లీ వినలేదు.

అప్పుడు నాకు ఉట్నూర్ అవతల, జీపు దిగి ఇంకా కొంత నడవాల్సిన ఊళ్లో, ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో పోస్టింగు. నేను పుట్టి పెరిగింది మందమర్రిలో. మా బాపు బొగ్గుబాయి కార్మికుడు. మా కాలనీలో బాయి అంటే మనుషులు దిగే గని. ఇక్కడ చేరిన మొదటి రోజే పిల్లలంతా నన్ను "బాయీ, బాయీ" అని పిలవడం మొదలుపెట్టారు. టీచరమ్మను అలా పిలవడం మరాఠీ నుంచి వచ్చిన అలవాటట. సెలవులకు ఇంటికి పోయి ఆ మాట చెబితే మా బాపు నవ్వాడు. "నేను జిందగంత బాయిలకు దిగిన. నువ్వే బాయివైతివి బిడ్డా."

పిల్లల్లో ఎక్కువమంది గోండుల పిల్లలు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, సంతలో వినే తెలుగు ఇంకొకటి, పాఠ్యపుస్తకంలో ఉండేది ఈ రెండూ కానిది. 'కణత్వచము', 'కేంద్రకము' అని నేను అంటే తరగతి మొత్తం ఒకే గొంతుతో తిరిగి అనేది. వినడానికి ముచ్చటగానే ఉండేది కాని, ఆ మాటల వెనక ఏముందని ఎవరికీ సందేహం వచ్చేది కాదు. కొన్నాళ్లకు విసుగొచ్చి ఒక పని మొదలుపెట్టాను. ప్రతి సోమవారం నల్లబల్ల మూలన ఒక ప్రశ్న రాసేదాన్ని. శనివారం దాకా జవాబు చెప్పేదాన్ని కాదు. వాదించుకోవడం వాళ్ల వంతు.

మొదటి ప్రశ్న నాకు ఇంకా గుర్తుంది. 'డబ్బాలో పోసిన ఎండు జొన్నలు బతికున్నట్టా, చచ్చినట్టా?'

"సచ్చినట్టే బాయీ. కదలయి, మెదలయి."

"సచ్చినయి అయితే నాటితే ఎట్ల మొలుస్తయే?"

"మరి దంచి గట్క వండుకుంటే?"

"గట్క వండితే సస్తయి. వండకపోతే సావయి."

ఆ వారం వంటగదిలో కూడా అదే చర్చ నడిచింది. జొన్నలు చెరిగే ఆమె నా దగ్గరికొచ్చి, "ఇగ వీటిని దంచాల్నంటే పాపమనిపిస్తుంది టీచరమ్మా" అని గంభీరంగా చెప్పి పోయింది.

తర్వాతి వారాల్లో తెగి ఎగిరే బల్లి తోక వచ్చింది, పిల్లలు పుట్టని కంచరగాడిద వచ్చింది. ఆ కంచరగాడిదతో మా పెద్దసారుకు ఓపిక నశించింది. ఆయనది కరీంనగర్ దగ్గరి పల్లె. మంచివాడు, పిల్లలకు అన్నం తక్కువైతే ఊరుకునేవాడు కాదు. కాని పై అధికారులన్నా, పత్రికలవాళ్లన్నా ఆయనకు చచ్చేంత భయం. ఒకరోజు తరగతి గుమ్మంలో నిలబడి మూలనున్న ప్రశ్న చదివి నన్ను బయటికి పిలిచాడు.

"మేడం, సిలబస్ ఎంతవరకు వచ్చింది?"

"సగం దాటింది సార్."

"కంచరగాడిద జీవి అవునో కాదో తేలితే మిగతా సగం అయితదా?"

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

ఇక ఆ పిల్ల సంగతి. తొమ్మిదో తరగతి, గోడవైపు చివరి బెంచీ. బక్కపలచని మనిషి, కళ్లలో తెల్లగుడ్డు ఎప్పుడూ పసుపు పచ్చగా ఉండేది. వాన పడ్డా, చలి పెట్టినా మోకాళ్లూ చేతివేళ్లూ పట్టుకుని ముడుచుకుని కూర్చునేది. రక్తం తక్కువ అన్నారు, ఇనుము గోలీలు ఇచ్చారు. తగ్గలేదు. తల్లి తీసుకుపోయి తాయెత్తు కట్టించింది, దానితోనూ తగ్గలేదు. హాస్టల్ చూసుకునే వార్డెనమ్మ, "ఆటల పీరియడ్ రాంగనే దీనికి మోకాళ్లు గుర్తొస్తయి. అన్ని దొంగ నొప్పులు" అనేది. తోటిపిల్లలు నొప్పుల పిల్ల అని పేరు పెట్టారు. ఆమె ఏదీ కాదనేది కాదు. సోమవారం ప్రశ్నల గొడవలో కూడా నోరు విప్పేది కాదు.

వానాకాలం నడుమ ఒక సోమవారం ఇలా రాశాను: 'మన ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు. అయితే అది బతికున్నట్టా, కానట్టా?'

తరగతి రెండు జట్లయింది. కేంద్రకమే లేకపోతే ఇంటికి పెద్దదిక్కు లేనట్టే కనుక చచ్చినట్టే అని ఒక జట్టు. గాలిని మోసుకుని ఒళ్లంతా తిరుగుతుంటే చచ్చినట్టెలా అవుతుందని ఇంకో జట్టు. గొంతులు పెరుగుతుండగా చివరి బెంచీ నుంచి ఆ పిల్ల లేచి నిలబడింది.

"చూడకుంట ఎట్ల చెప్పాలె బాయీ? మీరన్న చూసిండ్రా?"

డిగ్రీలో చూశాను. కాని ఆ పిల్లలు చూడలేదు. బడిలో మైక్రోస్కోపు ఒకటుంది. పెద్దసారు గది బీరువాలో, గుడ్డ కప్పుకుని, తాళం వెనక. అడిగితే ఆయన, "పలిగితే ఎవరు జవాబు చెప్పాలె?" అన్నాడు. "నేను చెప్త సార్" అన్నాను. తాళంచెవి చేతిలో పెడుతూ కూడా ఇంకోసారి ఆలోచించాడు.

రక్తం కోసం ఎవరినీ కొత్తగా సూదితో పొడవలేదు. అది జ్వరాల కాలం. ఊళ్ల మీద తిరిగే నర్సమ్మ హాస్టల్‌కు వచ్చి, జ్వరమున్న పిల్లల వేలు గుచ్చి మలేరియా పరీక్షకు రక్తం తీసేది. ఎలాగూ గుచ్చుతున్న వేళ్ల నుంచే, పిల్లలు సరేనంటే, ఇంకొక్క చుక్క ఇమ్మని ఆమెను అడిగాను. జ్వరం పిల్లల్లో మన నొప్పుల పిల్ల ఉంది, ఆమె పక్కన కూర్చునే స్నేహితురాలు ఉంది, ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఒక్కో గాజుపలక మీద ఉప్పునీటి చుక్క, అందులో రక్తం, పైన పలుచటి గాజుమూత. మైక్రోస్కోపును కిటికీ దగ్గర పెట్టి అద్దాన్ని వెలుతురుకు తిప్పాను. పిల్లలు వరుసకట్టారు.

"అంగి గుండీల్లెక్క ఉన్నయి బాయీ."

"అన్ని ఒక్కతీరు గుండీలే."

నొప్పుల పిల్ల స్లైడు వంతు వచ్చింది. అప్పుడు కంటిని ఆనించి ఉన్న పిల్ల చాలాసేపు తల ఎత్తలేదు. "దీంట్ల గుండీలే లేవు. కొడవండ్లు ఉన్నయి."

నేను వంగి చూశాను. గుండ్రటివీ ఉన్నాయి. కాని వాటి మధ్య సన్నగా, పొడుగ్గా, రెండు కొసలూ వాడిగా, వంపు తిరిగినవి. స్లైడు ఎండితే కణాలు ముడుచుకుపోయి రకరకాల ఆకారాలు వస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు కనుక, "ఇది ఎండిపోయింది, పక్కన పెట్టండి, ఇంకొకటి చూద్దాం" అన్నాను.

నొప్పుల పిల్ల కదల్లేదు. మైక్రోస్కోపు వైపు చూసింది, కిటికీలో వరుసగా పెట్టిన మిగతా స్లైడుల వైపు చూసింది.

"బాయీ, అందరియి ఒక్కసారే చేసిండ్రు గద. ఎండితే అందరియి ఎండాలె. ఒక్క నా స్లైడే ఎందుకు ఎండింది?"

ఈ మాట యువ టీచర్లకు చెప్పినప్పుడు నేను ఇక్కడ ఆగుతాను. శాస్త్రవేత్తలు ఎన్నెన్నో ఏళ్లు చదువుకుని నేర్చుకునే విద్య ఆ ఒక్క మాటలో ఉంది. తేడా కనబడితే, మిగతావన్నీ సమానంగా ఉన్నాయా లేదా అని చూడాలి. అది ఆమెకు నేను నేర్పలేదు. నేర్పానని చెప్పుకోవాలని ఉంటుంది కాని, నేర్పలేదు.

"ఇప్పుడేం చేద్దామంటవు?" అని అడిగాను.

"నాది, దీనిది ఒక్క అద్దం పలక మీదనే పెట్టుండ్రి" అని స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. "ఒక్కటే నీళ్లు. ఒక్కసారే మూత. గప్పుడు చూద్దాం."

నర్సమ్మ ఇంకా వరండాలోనే ఉంది. ఇద్దరినీ మళ్లీ గుచ్చడానికి మొదట వెనకాడింది, ఆ ఇద్దరే వేళ్లు ముందుకు చాపారు. ఒకే పలక మీద ఎడమవైపు ఈమెది, కుడివైపు స్నేహితురాలిది. పలకను జరుపుతూ చూశాం. కుడివైపు గుండీలు. ఎడమవైపు కొడవళ్లు. ఈసారి ఎండిపోవడానికి సమయం కూడా లేదు.

డిగ్రీ పుస్తకంలో ఒక బొమ్మ, దాని కింద నాలుగు వాక్యాలు నాకు గుర్తుకొచ్చాయి. కొడవలి కణ రక్తహీనత. పరీక్షకు రాదని మేము వదిలేసిన పేజీ.

"ఇది రోగమా బాయీ?"

"కావచ్చు. నాకు పాఠం తెలుసు, వైద్యం తెలీదు. డాక్టరే చెప్పాలె."

"నా నొప్పులు దీనికేనా?"

"అది గూడ కావచ్చు. గిసొంటి కణాలు సన్నటి నరాలల్ల ఇరుక్కుంటే రక్తం పోదు. నొప్పి లేస్తది."

ఆమె భయపడుతుందనుకున్నాను. ఆమె తరగతి వైపు తిరిగింది. గోడవైపు బెంచీలో ముడుచుకుని కూర్చునే పిల్ల, నిటారుగా నిలబడి, "నేను దొంగ నొప్పులు చెప్తలేను" అంది. అంతే. ఎవరూ నవ్వలేదు.

మూత అంచులకు వాజిలీన్ రాసి, గాలి చొరబడకుండా ఆ పలకను దాచాము. మరునాడు చూస్తే ఎడమవైపు కొడవళ్లు ఇంకా పెరిగాయి. పెద్దసారుకు చూపించి, పిల్లను ఆసుపత్రికి తీసుకుపోతానన్నాను. ఆయన ముఖం మాడిపోయింది.

"పిల్లల రక్తం తీసిండ్రని రేపు ఎవరన్న పేపర్ల రాస్తే? మీ పని పాఠం చెప్పుడు మేడం, రోగాలు చెప్పుడు కాదు. తల్లి రాకుంట పిల్లను గేటు దాటనియ్య."

చివరి మాట న్యాయమైనదే. ఎవరి పిల్లనో నేను నా ఇష్టం వచ్చినట్టు తిప్పలేను. కబురు పంపాలని ఆలోచిస్తుండగానే ఆ తల్లి తనే వచ్చింది. సంతరోజు కావడంతో జీపులు నడుస్తున్నాయి. చేతిలో ఖాళీ సంచి. బిడ్డ బట్టలు అందులో వేసుకుని, బడి మాన్పించి తీసుకుపోవడానికి వచ్చింది.

"నొప్పులతోని ఈడెందుకు బాయీ? ఇంటికాడ ఉంటది. ఉన్నన్ని దినాలు ఉంటది."

ఆ 'ఉన్నన్ని దినాలు' ఎందుకన్నదో తర్వాత తెలిసింది. ఈ పిల్లకంటే ముందు ఒక కొడుకు. అవే నొప్పులు, అవే పచ్చటి కళ్లు. బడి ఈడు రాకముందే పోయాడు.

నేను ఏదో చెప్పబోయాను. పిల్ల నన్ను ఆపి, తల్లి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. తల్లి ఏ కన్ను మూయాలో తెలియక రెండూ మూసుకుంది. పిల్ల తన అరచేయి తల్లి ఎడమకంటి మీద పెట్టి, పలకను కుడివైపు నుంచి ఎడమవైపుకు మెల్లగా జరిపింది. గోండిలో చెబుతూ ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తల్లి ఏదో అడిగింది.

"ఏమంటుంది?" అన్నాను.

"అన్నకు గూడ ఇట్లనే ఉండెనా అని అడుగుతుంది."

"తెలీదు. ఉండచ్చు."

తల్లి తల ఎత్తి, సంతలో నేర్చుకున్న తెలుగులో సూటిగా నన్నే అడిగింది. "నా రక్తం పాడా బాయీ?"

ఎన్నో తరగతుల్లో అనువంశికత పాఠం చెప్పాను. తెల్లపూలూ ఊదాపూలూ, పొట్టి మొక్కా పొడుగు మొక్కా. అంత జాగ్రత్తగా ఎన్నడూ చెప్పలేదు. "డాక్టర్ ఈ రోగమేనంటే చెప్తున్న. ఇది తల్లి ఒక్కదాని దిక్కుంచి వస్తే ఇంత కష్టం రాదు. తండ్రి ఒక్కని దిక్కుంచి వచ్చినా రాదు. నీ దిక్కుంచి ఒకటి, వాళ్ల బాపు దిక్కుంచి ఒకటి, రెండు కలిస్తెనే గిట్లయితది. ఎవరు కావాలని ఇచ్చింది కాదు."

"ఇద్దరిదా?"

"ఇద్దరిది."

"ఇద్దరిదా?" అని మళ్లీ అడిగింది. నేను తల ఊపాను. ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుని కొంగు ముఖం మీదికి లాక్కుంది.

పిల్ల తల్లి వైపు చూపి నాకు మెల్లగా చెప్పింది. "అన్న సచ్చిన కాణ్నుంచి ఇంట్ల అందరు అవ్వనే అంటరు బాయీ. నీ కడుపే మంచిది కాదని."

గుమ్మంలో ఎవరో గొంతు సవరించుకున్నారు. పెద్దసారు. ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో చూడలేదు. మైక్రోస్కోపును బీరువాలో పెట్టించడానికే వచ్చి ఉంటాడు. కాసేపు తల్లినీ పిల్లనూ చూశాడు.

"మేడం, జీపాయన ఇంకా పోలే. ఆగుమని చెప్పొస్త. ముగ్గురు పోయి రాండ్రి. మీ క్లాసులు నేను చూసుకుంట."

ఆయన సాంఘికశాస్త్రం మనిషి. ఆ రెండు రోజులూ నా పీరియడ్లలో కాకతీయుల చెరువుల గురించి చెప్పాడని పిల్లలు నాకు ఫిర్యాదు చేశారు.

ఆదిలాబాద్ ఆసుపత్రిలో మమ్మల్ని చూసింది ఒక కుర్ర డాక్టరు. కళ్లు చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, ఎన్నాళ్ల నుంచని అడిగాడు. పిల్ల తన సంగతంతా చెప్పి, చివర్లో స్లైడు సంగతి కూడా చెప్పింది. ఆయన రాయడం ఆపాడు.

"ఒక్క అద్దం మీద రెండు చుక్కలు పెట్టుమని ఎవరు చెప్పిండ్రు?"

"నేనే సార్."

"ఎందుకు?"

"బాయి ఎండింది అన్నది. నాకు నమ్మబుద్ధి కాలే."

ఆయన నావైపు చూశాడు. నేను సిగ్గుపడాలేమో, కాని నా ముఖం నిండా నవ్వే ఉండి ఉంటుంది. ఆ రోజంతా అలాగే ఉన్నాను.

పరీక్షకు పంపారు, కొన్నాళ్లకు ఫలితం వచ్చింది. అదే రోగం. పూర్తిగా పోయేది కాదని డాక్టరు దాచకుండా చెప్పాడు. మందులున్నాయి, నీళ్లు బాగా తాగాలి, చలిలో తిరగకూడదు, జ్వరం వస్తే ఆలస్యం చేయకూడదు. ఇవన్నీ పాటిస్తే చదువుకోవచ్చు, పనిచేసుకోవచ్చు, బతకొచ్చు అన్నాడు. తల్లి తెచ్చిన సంచి ఖాళీగానే వెనక్కి పోయింది.

వార్డెనమ్మ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. కాని ఆ పిల్ల పరుపు వంటగది గోడ వైపు, వెచ్చగా ఉండేచోటికి మారింది. తెల్లారి అందరికంటే ముందు వేడినీళ్లు ఆమెకు పోయేవి. "నీళ్లు తాగినవా?" అని రోజంతా వెంటపడి అడిగేది ఆ వార్డెనమ్మే. చివరికి పిల్లే నా దగ్గరికొచ్చి, "గీ వార్డెనమ్మతోని పరేషానుంది బాయీ" అని మొరపెట్టుకుంది.

నొప్పులు ఆగిపోలేదు. తగ్గాయి, మళ్లీ వచ్చాయి. పదో తరగతి పరీక్షల్లో ఒక పేపరు దుప్పటి కప్పుకుని రాసింది. పాసైంది. ఆ పైన ల్యాబ్ పని నేర్చుకుంది. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు, ముందు పిల్లవాడికి రక్త పరీక్ష చేయించాలని పట్టుబట్టింది. పిల్లవాడి తండ్రి కోపంతో లేచిపోయాడట. పిల్లవాడు మాత్రం మర్నాడు తనే పోయి చేయించుకుని, కాగితం పట్టుకుని వచ్చాడట. ఆ కబురు ఫోన్లో చెబుతూ, "మంచోడే ఉన్నట్టుండు బాయీ" అంది.

ఇవన్నీ గర్వపడాల్సిన సంగతులే. కాని గర్వమనే మాట వినగానే నాకు కళ్లముందు కదిలేది, ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాదే చలికాలంలో మా బడిలో జరిగిన రక్త పరీక్షల రోజు. ఆ కుర్ర డాక్టరు తన మనుషులతో వస్తానంటే, పెద్దసారు ముందు గుండె పట్టుకుని, తర్వాత హాలు ఊడిపించి, బెంచీలు వేయించాడు. తన పర్యవేక్షణలోనే ఈ కార్యక్రమం రూపుదిద్దుకున్నదని పై ఆఫీసుకు రాశాడు కూడా. రాసుకోనీ. ఆయన ఆ రోజు జీపు ఆపకపోతే ఇదేదీ లేదు.

చుట్టుపక్కల గూడేల నుంచి జనం వచ్చారు, కాని లోపలికి రాలేదు. రక్తం తీసి ఏం చేస్తారో, ఎక్కడ అమ్ముకుంటారోనని గేటు దగ్గరే గుంపుగా నిలబడిపోయారు. డాక్టరు తెలుగులో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆ పిల్ల మైక్రోస్కోపును వరండాలోకి తెప్పించుకుంది. తన వేలు గుచ్చుమని నర్సమ్మకు ఇచ్చింది. తన చుక్క, స్నేహితురాలి చుక్క, ఒకే పలక మీద. గోండిలో పిలిచింది. ముందుగా గుంపులోంచి వచ్చింది ఆమె తల్లి, ఈ పిల్ల తర్వాత పుట్టిన చిన్నకొడుకును చంకనేసుకుని. ఆమె వెనక, తల వంచుకుని, ఆ పిల్ల బాపు. ఆ వెనక ఒక్కొక్కరే మిగతావాళ్లు.

వరుస గేటు దాకా సాగింది. ఒక్కొక్కరి కంటి మీద చెయ్యి పెట్టి, పలక జరుపుతూ, ఆ పిల్ల చెబుతూనే ఉంది. తొమ్మిదో తరగతి జీవశాస్త్రం, నాకు రాని భాషలో, నాకంటే బాగా. వాళ్లు అడుగుతున్నారు, ఆమె చెబుతోంది, మళ్లీ అడుగుతున్నారు. ఒక ముసలాయన ఏదో పెద్ద ప్రశ్నే వేశాడు. దానికి ఆమె ఆలోచించి, చేతులు తిప్పుతూ, చాలాసేపు జవాబు చెప్పింది. ఆయన నమ్మినట్టు తల ఊపి చెయ్యి చాపాడు.

నాకు ఉండబట్టలేదు. పక్క నుంచి పోయి భుజం తట్టాను. "ఆయన ఏమడిగిండు? నువ్వేం చెప్పినవ్?"

ఆమె మైక్రోస్కోపు మీది నుంచి తల ఎత్తకుండానే చెయ్యి ఊపింది.

"తర్వాత చెప్త బాయీ. మస్తుమంది ఉన్నరు. చూడాల్నంటే లైన్ల నిలబడుండ్రి."

పోయి నిలబడ్డాను.